సన్నీ, స్పైసీ, సెవెనిష్: ఇంగ్లీషులో వాడుక విశేషణాలు కట్టడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో డిగ్రీ చదివే విద్యార్థులు, హోటళ్ల రిసెప్షన్లలో పనిచేసేవారు, యాత్రికులకు దారి చూపే గైడ్లు, విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధమయ్యేవారు స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల్లో ఒకే రకమైన సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నందున వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. మామూలు మాట చివర ఒక చిన్న ప్రత్యయం తగిలించి విశేషణం చేసుకునే పద్ధతి గురించే ఈ ప్రశ్నలన్నీ. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

"ఈ వై, ఇష్ తగిలించడం అంటే ఏంది సార్? మన తెలుగులో ఇట్లాంటిది ఉందా?"

"డస్ట్" అనే నామవాచకానికి వై చేరిస్తే "డస్టీ" అనే విశేషణం వస్తుంది. "స్టిక్" అనే క్రియకు అదే వై చేరిస్తే "స్టికీ" అవుతుంది. "రెడ్" అనే విశేషణానికి ఇష్ చేరిస్తే "రెడిష్" అవుతుంది, అంటే ఎరుపు ఛాయ ఉన్నది అని అర్థం. తెలుగులో మనం ఈ పనిని ఎక్కువగా మాటను రెట్టించి, చివర "గా" చేర్చి చేస్తాము. వాన వెలిసిన తరువాత వీధి బురద బురదగా ఉందంటే అది "మడ్డీ", చేతులు జిగట జిగటగా ఉన్నాయంటే "స్టికీ", సాంబారు నీళ్లు నీళ్లుగా ఉందంటే "వాటరీ", మామిడికాయ పుల్లపుల్లగా ఉందంటే "సవరిష్". ఇంట్లో ఈ మాటలను ఎవరూ నేర్పకుండానే అలవోకగా వాడే మనకు, ఇంగ్లీషులోని ఈ పద్ధతి కొత్తగా కనిపించవలసిన అవసరం లేదు.

"ఇవన్నీ స్లాంగ్ కదా? వాడితే తప్పు ఇంగ్లీషు అనుకోరా?"

అనుకోరు. వై ప్రత్యయం ప్రాచీన ఇంగ్లీషులోని "ఇగ్" అనే ప్రత్యయం నుంచి వచ్చింది. "హోలీ", "మైటీ", "బిజీ" అనే మాటలు అలా పుట్టినవే. ఇంగ్లీషుకు చుట్టమైన జర్మన్ భాషలో ఆ "ఇగ్" నేటికీ నిలిచి ఉంది. ఇష్ కూడా అంతే ప్రాచీనమైనది, "ఇంగ్లిష్" అనే పేరులోనే అది ఉంది. "సెల్ఫిష్" అనే మాట 17వ శతాబ్దంలో కొత్తగా కట్టినది. నేడు ఎంతో మర్యాదగా కనిపించే "లెంగ్తీ" అనే మాటను ఒకప్పుడు ఇంగ్లండు విమర్శకులు అమెరికావారి మోటు మాటగా తప్పుబట్టారు. కాబట్టి ప్రత్యయంలో మోటుదనమేమీ లేదు. దానితో అప్పటికప్పుడు కట్టుకున్న "టెకీ", "అవుట్‌డోర్సీ", "సెవెనిష్" వంటి మాటలకు మాత్రం ఇంట్లో, స్నేహితుల మధ్య మాట్లాడుకునే చనువు ఉంటుంది. ఆ చనువు చెల్లే చోటేదో తెలుసుకుంటే చాలు.

"డిక్షనరీలో లేని మాటను నేనే కట్టుకోవచ్చా?"

కట్టుకోవచ్చు. ఇది ఇంగ్లీషులో నేటికీ పనిచేస్తున్న సూత్రం. సూత్రం ప్రకారం వచ్చే మాటలన్నిటినీ ఏ నిఘంటువూ ఎక్కించుకోదు. పులిహోర రుచిని వర్ణిస్తూ "టామరిండీ" అంటే ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఎవరైనా వెంటనే గ్రహిస్తారు, ఎందుకంటే "లెమనీ", "మింటీ", "పెప్పరీ", "జింజరీ" వంటి మాటలు వారి నోట రోజూ ఆడేవే.

అయితే ఏ మాటకు పడితే ఆ మాటకు వై అతకదు. చేతికి, కంటికి, నాలుకకు తెలిసే వస్తువుల పేర్లకు, చిన్న చిన్న క్రియలకు అది చక్కగా కుదురుతుంది. లాటిన్ నుంచి వచ్చిన పొడవాటి మాటలకు, ముఖ్యంగా "షన్" అని ముగిసేవాటికి, కుదరదు. "ఇన్‌ఫర్మేషనీ", "ఎడ్యుకేషనీ" అనేవి వినేవారికి వేళాకోళంలా తోస్తాయి.

"బస్టాండు క్రౌడీగా ఉంది అంటే తప్పా? అందరూ అంటారే!"

తప్పే. మన ప్రాంతంలో దీనిని సరిదిద్దడం చాలా అవసరం. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊరంతా జనమే కాబట్టి ఈ విశేషణం అందరికీ కావలసి వస్తుంది, సూత్రం తెలిసినవారే "క్రౌడ్"కు వై చేర్చి "క్రౌడీ" అంటారు. సూత్రం సరైనదే, కానీ ఆ అర్థానికి "క్రౌడెడ్" అనే మాట ముందే స్థిరపడి ఉంది. ఒక అర్థానికి విశేషణం ముందే ఉంటే, కొత్తగా కట్టిన మాటను ఇంగ్లీషు సాధారణంగా రానివ్వదు. ఇదే కారణం వల్ల "డేంజర్" నుంచి "డేంజరీ" రాలేదు, "డేంజరస్" ఉంది. "పాయిజనీ" బదులు "పాయిజనస్", "ఫేమీ" బదులు "ఫేమస్" ఉన్నాయి. "టెన్షనీ" కూడా లేదు, "టెన్స్" ఉంది. పరీక్ష ముందు మనం టెన్షన్‌గా ఉందనడాన్ని ఇంగ్లీషులో "ఐ యామ్ టెన్స్" లేదా "ఐ ఫీల్ నర్వస్" అని చెప్పాలి. "యాంగర్", "హంగర్" అనే మాటలకు మాత్రం వై చేరింది గానీ, మధ్యలోని "ఈ" అనే ఇంగ్లీషు అక్షరం జారిపోయి "యాంగ్రీ", "హంగ్రీ" అయ్యాయి.

## మాట కట్టేటప్పుడు: స్పెల్లింగు

"ఒకసారి అక్షరం రెట్టిస్తారు, ఒకసారి రెట్టించరు. ఎట్లా గుర్తుపెట్టుకునేది?"

మూల పదం ఒకే అక్షరభాగంతో (సిలబుల్‌తో) ఉండి, చివర ఒకే అచ్చు, దాని వెంట ఒకే హల్లు ఉంటే ఆ హల్లు రెట్టింపవుతుంది. "సన్" నుంచి "సన్నీ", "మడ్" నుంచి "మడ్డీ", "ఫాగ్" నుంచి "ఫాగీ", "చాట్" నుంచి "చాటీ" వచ్చినప్పుడు వరుసగా ఎన్, డి, జి, టి అక్షరాలు రెండేసి రాయాలి. "రెయిన్"లో అచ్చులు రెండు ఉన్నాయి, "డస్ట్"లో హల్లులు రెండు ఉన్నాయి, కాబట్టి అక్కడ రెట్టింపు ఉండదు. డబ్ల్యు, ఎక్స్ అక్షరాలు ఎప్పుడూ రెట్టింపు కావు, అందుకే "స్నోయీ", "వ్యాక్సీ" ఒంటి అక్షరంతోనే ఉంటాయి. "సమ్మర్", "పెప్పర్", "బటర్" వంటి మాటల్లో ఊనిక మొదటి భాగం మీద పడుతుంది గనుక చివరి ఆర్ రెట్టింపు కాకుండానే "సమ్మరీ", "పెప్పరీ", "బటరీ" అవుతాయి.

ఈ రెట్టింపు అలంకారం కోసం పెట్టింది కాదు. ముందున్న అచ్చును పొట్టిగా పలకాలని చదివేవారికి అది చెబుతుంది. "టిన్" నుంచి వచ్చిన "టిన్నీ"లో ఎన్ ఒకటి తీసేస్తే అది "టైనీ" అయి, రేకు చప్పుడు కాస్తా బుల్లి వస్తువుగా మారిపోతుంది. "స్టార్" నుంచి "స్టారీ"కి ఆర్ రెండుసార్లు రాయాలి, "స్కేర్" నుంచి వచ్చే "స్కేరీ"కి ఒక్కసారే. అక్కడ కూడా ఆర్ రెండు పెడితే భయంకరమైనది అనే అర్థం పోయి, మచ్చలున్నది అనే అర్థం వస్తుంది.

"చివర 'ఈ' అక్షరం ఉంటే తీసెయ్యాలా, ఉంచాలా?"

పలకని "ఈ" అక్షరాన్ని సాధారణంగా తీసివేసి వై చేర్చాలి. "ఐస్" నుంచి "ఐసీ", "స్పైస్" నుంచి "స్పైసీ", "నాయిజ్" నుంచి "నాయిజీ", "జ్యూస్" నుంచి "జ్యూసీ" అలా వస్తాయి. కొన్ని మాటల్లో మాత్రం మూల పదం గుర్తుపట్టేలా "ఈ" నిలిచి ఉంటుంది. "డైసీ", "సేమీ", "గ్లూయీ" మాటలను ఈ, వై రెండూ పెట్టి రాయాలి. "ప్రైసీ"ని రెండు విధాలా రాస్తారు గానీ, ఈ ఉంచి రాయడమే ఎక్కువగా కనిపిస్తుంది. "క్రంబుల్", "బబుల్" వంటి మాటల్లో చివరి ఈ బదులు వై పెడితే "క్రంబ్లీ", "బబ్లీ" సిద్ధమవుతాయి.

"గార్లిక్, పానిక్ లాంటివాటికి ఏం చెయ్యాలి?"

సి తరువాత కె చేర్చి, ఆపైన వై పెట్టాలి. కె లేకపోతే సి అక్షరాన్ని "స" అని చదివి "గార్లిసీ" అనుకునే ప్రమాదం ఉంది.

"హైఫన్ ఎప్పుడు పెట్టాలి?"

ఊరి పేర్లకు, అంకెల్లో రాసిన సంఖ్యలకు, పలు మాటల సమాసాలకు ఇష్ లేదా లైక్ చేర్చినప్పుడు హైఫన్ పెడితే కంటికి తేలికగా ఉంటుంది. "తిరుపతి-ఇష్", "50-ఇష్" అని రాయాలి. "చైల్డిష్", "ఫార్టీఇష్", "చైల్డ్‌లైక్" వంటి స్థిరపడిన మాటలకు అవసరం లేదు.

## అర్థం తేల్చుకునేటప్పుడు

"వైకి, ఇష్‌కి తేడా ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక గుణం నిండుగా ఉందని చెప్పడానికి ఎక్కువగా వై, కొంత మేరకే ఉందని చెప్పడానికి ఇష్ పనికి వస్తాయి. "సాల్టీ" అంటే ఉప్పు బాగా తెలుస్తోందని, "సాల్టిష్" అంటే కాస్త ఉప్పగా ఉందని. ఇష్ మనుషుల, జంతువుల పేర్లకు చేరినప్పుడు మాత్రం పని మారి, తరచుగా నింద ధ్వనిస్తుంది. "ఫూలిష్", "మ్యూలిష్" అటువంటివి. "స్టైలిష్" వంటి మెచ్చుకోలు మాటలూ లేకపోలేదు. రంగుల దగ్గర "యెల్లోయీ", "యెల్లోయిష్" రెండూ ఒకే పని చేస్తాయి, మొదటిది ఇంకాస్త చనువైన మాట.

"చైల్డిష్ అన్నా చైల్డ్‌లైక్ అన్నా ఒకటే కదా?"

ఒకటి కాదు. "చైల్డిష్" అంటే వయసొచ్చినా పిల్లచేష్టలు మానలేదనే దెప్పు. "చైల్డ్‌లైక్" అంటే పసిమనసు చెక్కుచెదరలేదనే ప్రశంస. ఒక పెద్దాయన నిష్కల్మషమైన నవ్వును మెచ్చుకోవాలనుకుని మొదటి మాట వాడితే మీ ఉద్దేశానికి పూర్తి విరుద్ధమైన అర్థం వెళుతుంది.

"విదేశీ గెస్టులు లడ్డూ ఎట్లా ఉంటుంది అని అడుగుతారు. స్వీట్ అని తప్ప ఏం చెప్పాలో తోచదు."

ఈ ప్రశ్నకు కాస్త విపులంగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే వై ప్రత్యయం అందం రుచుల దగ్గరే బాగా తెలుస్తుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన తిరుపతి లడ్డూను చేతిలోకి తీసుకుని చూడండి. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది, అది "క్రంబ్లీ". నోట్లో పెట్టుకుంటే నెయ్యి కమ్మదనం తగులుతుంది. "ఘీ"కి వై చేరిస్తే రాయడానికీ పలకడానికీ కుదరదు గనుక "బటరీ" అనవచ్చు. జీడిపప్పు పంటికి తగిలినప్పుడు "నటీ", కలకండ పలుకు తగిలినప్పుడు "క్రంచీ", మొత్తం మీద "షుగరీ". ఏలకుల వాసనకు తగిన వై మాట ప్రచారంలో లేదు, "విత్ ఎ హింట్ ఆఫ్ కార్డమమ్" అనాలి. "ఇట్స్ క్రంబ్లీ, బటరీ అండ్ నటీ, విత్ ఎ హింట్ ఆఫ్ కార్డమమ్" అన్న ఒక్క వాక్యంతో, లడ్డూను ఎన్నడూ చూడనివారికి కూడా నోరూరుతుంది.

రెండు జాగ్రత్తలు అవసరం. "నటీ" అనే మాటను మనిషికి వాడితే తిక్క మనిషి అనే అర్థం వస్తుంది. రెండవది, చిత్తూరు బెల్లం గురించి చెప్పేటప్పుడు "జాగరీ" అనే మాట చివర వై ఉన్నా అది విశేషణం కాదు, బెల్లానికి పేరు మాత్రమే. బెల్లం రుచి ఉన్నదని చెప్పాలంటే "జాగరీ-లైక్" అనాలి. తోతాపురి మామిడికి "జ్యూసీ", "పల్పీ", "టాంగీ" అనే మూడూ సరిపోతాయి.

"స్మెల్ అంటే వాసన, కాబట్టి మల్లెపూలు స్మెల్లీ అనొచ్చు కదా?"

అనకూడదు. "స్మెల్లీ" ఎప్పుడూ దుర్వాసనకే వర్తిస్తుంది. మల్లెలకు "ఫ్రేగ్రంట్" అనాలి. మాట కట్టే సూత్రం అర్థాన్ని సగమే చెబుతుంది, మిగతా సగాన్ని ఆ భాష మాట్లాడే ప్రజల జీవితం నిర్ణయిస్తుంది. మన ప్రాంతంలో పొరపాటుకు తావిచ్చే మాటలు మరికొన్ని ఉన్నాయి.

"సమ్మరీ" అనేది ఇంగ్లండు వంటి చల్లని దేశంలో పెరిగిన మాట. అక్కడ వేసవి అంటే హాయి, పల్చని దుస్తులు, పొడవైన సాయంకాలాలు. రోహిణి కార్తెలో అలిపిరి దగ్గర కాళ్లు కాలుతున్నప్పుడు "వెదర్ సమ్మరీగా ఉంది" అంటే వినేవారు ఆహ్లాదంగా ఉందనుకుంటారు. ఆ ఎండకు "స్కార్చింగ్" తగిన మాట. "టూరిస్టీ" అంటే పర్యాటకుల కోసమే తయారై సహజత్వం పోగొట్టుకున్న చోటు అనే చిన్నచూపు ఉంది. గైడ్లు తిరుమలను గానీ శ్రీకాళహస్తిని గానీ ఆ మాటతో పరిచయం చేయకూడదు. భక్తితో వచ్చే చోటిని "ప్లేస్ ఆఫ్ పిల్‌గ్రిమేజ్" అనడమే ఉచితం. "ఫిషీ" అంటే చేపల వాసనతో పాటు, ఏదో మోసం ఉందనే అనుమానం కూడా ఉంది.

"ఫిల్మీ, హోమ్లీ, చిల్లీ: ఇవి మనం వాడినట్టే బయటవాళ్లూ వాడతారా?"

వాడరు. మన దేశంలో "ఫిల్మీ" అంటే సినిమా ఫక్కీలో ఉన్నది. మాతృభాషగా ఇంగ్లీషు మాట్లాడేవారికి "ఫిల్మీ" అంటే పొరలా పల్చనిది. భోజన హోటళ్ల బోర్డుల మీద మనం రాసుకునే "హోమ్లీ" బ్రిటన్‌లో సాదాగా, ఇంటి వాతావరణంతో ఉన్నది అనే మంచి అర్థంలోనే ఉంది గానీ, అమెరికాలో ఒక మనిషిని "హోమ్లీ" అంటే అందంగా లేరని అర్థం. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఈ మాట వాడేవారు అమెరికా సంబంధం చూస్తున్నప్పుడు తప్పకుండా మానుకోవాలి. "చిల్లీ" విషయంలో చలికి, మిరపకు పలుకుబడి ఒకటే. చలికి వాడే విశేషణం చివర వై ఉంటుంది, మిరపకాయను బ్రిటిష్ పద్ధతిలో ఐతో ముగిస్తారు.

"హ్యాంగ్రీ కూడా ఇట్లా పుట్టిందేనా?"

కాదు. అది "హంగ్రీ", "యాంగ్రీ" అనే రెండు విశేషణాలు కలిసిపోయిన మాట. ఆకలి వల్ల చిరాకు పడే మనిషికి వాడతారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2018లో దానిని చేర్చుకుంది.

## నోటితో పలికేటప్పుడు

"సన్నీ, ఫన్నీ అని ఒత్తి పలికితే సరిపోతుందా?"

తెలుగువారు ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టవలసిన విషయం ఇది. మన భాషలో ద్విత్వం అర్థాన్నే మారుస్తుంది: గడి వేరు, గడ్డి వేరు. అందువల్ల స్పెల్లింగులో రెండు అక్షరాలు కనిపించగానే మన నాలుక వాటిని ఒత్తి పలుకుతుంది. ఇంగ్లీషులో ఈ మాటల్లోని జంట అక్షరాలు కంటికే గానీ చెవికి కావు. "ఫన్నీ" అని మనం తెలుగు లిపిలో రాసుకున్నా, పలికేటప్పుడు "ఫని"కి దగ్గరగా, ఒకే నకారంతో తేలికగా వదిలేయాలి. "మడ్డీ" కూడా "మడి"కి దగ్గరగా ఉండాలి. ఊనిక మొదటి భాగం మీద పెట్టి, చివరి ఈకారాన్ని సాగదీయకుండా ముగిస్తే మీ ఉచ్చారణ వెంటనే మెరుగుపడుతుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని గడి, గడ్డి అనే మాటలను పలికి, తరువాత "మడ్డీ"ని మొదటి మాట బరువుతో పలికి చూడండి.

"ఫ్రెండ్స్ 'సెవెనిష్' అని మెసేజ్ పెడతారు. ఏడుకు పోవాలా, ఏడున్నరకా?"

మనం "ఏడింటి ప్రాంతంలో" అంటామే, అదే అర్థం. ఏడుకు కొద్దిగా అటూ ఇటూ అని గ్రహించాలి. ఏడున్నర అయితే ఆలస్యంగా వచ్చినట్టే లెక్క. 2015లో ఐఐటీ, ఐసర్ తిరుపతికి వచ్చాక ఇతర రాష్ట్రాల మిత్రులతో ఇంగ్లీషులో సందేశాలు పంపుకోవడం ఇక్కడి యువతకు బాగా పెరిగింది, అందుకే ఈ ప్రశ్న కూడా పెరిగింది. వయసుకు కూడా ఇష్ చేరుతుంది: "థర్టీఇష్" అంటే ముప్పై ఏళ్ల వయసు ఉండవచ్చునని. "ఆర్ యూ రెడీ?" అన్నప్పుడు "ఇష్" అని ఒంటిమాటగా బదులిస్తే "ఇంచుమించుగా" అని అర్థం. రైలు సమయం, దర్శనం స్లాటు, ఇంటర్వ్యూ సమయం చెప్పేటప్పుడు మాత్రం ఇష్ వాడవద్దు.

## ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి

"ఐఈఎల్‌టీఎస్‌లో ఇవి రాస్తే మార్కులు పోతాయా?"

స్పీకింగ్ విభాగం సంభాషణే కాబట్టి "చాటీ", "ప్రైసీ", "టచీ" వంటివి సహజంగా వస్తే మేలే చేస్తాయి. జనరల్ ట్రెయినింగ్ అనే రకం పరీక్షలో స్నేహితుడికి రాసే ఉత్తరంలోనూ వాడవచ్చు. అకడమిక్ రైటింగ్‌లో, అధికారులకు రాసే ఉత్తరంలో మానుకోవాలి. అక్కడ "ప్రైసీ" బదులు "ఎక్స్‌పెన్సివ్", "ఫార్టీఇష్" బదులు "అప్రాక్సిమేట్లీ ఫార్టీ" రాయండి. "నాయిజీ", "రిస్కీ", "హెల్తీ", "లెంగ్తీ" వంటి స్థిరపడిన మాటలకు ఎక్కడా అభ్యంతరం లేదు. వై కనిపించిన ప్రతి మాటనూ భయపడి కొట్టేయడం వల్ల వ్యాసం బిగుసుకుపోతుంది.

"రిసెప్షన్‌లో ఉన్నాం. గెస్టుతో ఎంతవరకు వాడొచ్చు?"

గది, ఆహారం, వాతావరణం గురించి ధారాళంగా వాడండి: "ఎయిరీ రూమ్", "స్పైసీ కర్రీ", "బ్రీజీ టెరస్" వినడానికి బాగుంటాయి. కారం ఎక్కువైన నాటుకోడి పులుసును "వెరీ స్పైసీ" అని ముందే చెప్పడం అతిథికి మేలు చేసినట్టే. డబ్బు, సమయం, ఫిర్యాదుల దగ్గర మాత్రం కచ్చితమైన మాటలే వాడాలి.

"మనుషుల గురించి వాడేటప్పుడు ఏమన్నా జాగ్రత్త ఉందా?"

ఉంది. మనుషుల స్వభావాన్ని చెప్పే చనువైన వై మాటల్లో చాలావరకు చిన్నబుచ్చేవే. "బాసీ" అంటే అజమాయిషీ చేసేవారు, "నోజీ" అంటే అక్కరలేని ఆరాలు తీసేవారు, "క్లింగీ" అంటే అంటిపెట్టుకుని వదలనివారు, "పుషీ" అంటే నెట్టుకుని ముందుకు వచ్చేవారు. "బ్రెయినీ", "విటీ", "బబ్లీ" మెచ్చుకోలు మాటలు. "చాటీ" మాత్రం చెప్పే గొంతును బట్టి రెండు వైపులా పోతుంది. చిన్నబుచ్చే మాటలను మనిషికి గాక ఆ ఒక్క సందర్భానికి అన్వయించి, "దట్ సౌండెడ్ ఎ బిట్ బాసీ" అన్నట్టు "ఎ బిట్" చేర్చి చెబితే, ఎదుటివారు నొచ్చుకోకుండా విషయం అందుతుంది.